‘సీరియస్’కు తెలుగు మాట గంభీరమేనా?

మీ ప్రశ్న రెండు మూడు సార్లు చదివాను. ఒక వ్యాసం తెలుగు చేస్తూ మీరు మూడు వాక్యాలు రాశారు: ‘రోగి పరిస్థితి గంభీరంగా ఉంది’, ‘ఆమె తన పనిని గంభీరంగా తీసుకుంటుంది’, ‘నేను గంభీరంగానే చెబుతున్నాను’. దిద్దినవారు మూడింటినీ కొట్టేశారు, కారణం చెప్పలేదు. నిఘంటువు తెరిస్తే మాత్రం సీరియస్‌కు ఎదురుగా ముందు కనిపించిన మాట గంభీరమే. తప్పెవరిది అని అడిగారు.

దిద్దినవారిది కాదు. సగం మీది, సగం నిఘంటువుది. పాతికేళ్లుగా ఇతరుల వాక్యాలు దిద్దడమే నా పని. గంభీరం మీద నా కలం పడినన్ని సార్లు మరే మాట మీదా పడి ఉండదు. కారణం చెప్పకుండా కొట్టేయడం మా వృత్తిలో పాత జబ్బు. ఆ బాకీ ఏదో ఇక్కడ నేను తీరుస్తాను.

గంభీరం అసలు నీళ్ల మాట. పాత సంస్కృత నిఘంటువు అమరకోశంలో అది మనుషుల గుణాలు చెప్పే చోట కాదు, వారివర్గంలో, అంటే నీటికి సంబంధించిన మాటల మధ్య వస్తుంది. నిమ్నం, గభీరం, గంభీరం అని మూడూ ఒక వరుసలో ఉంటాయి. మూడింటికీ అర్థం లోతైనదని. దీనికి వ్యతిరేకం ఉత్తానం, అంటే లోతులేనిది. ఆ వెంటనే అగాధం వస్తుంది, అడుగు అందనిది. కాబట్టి గంభీరం అనగానే మనసులో కదలవలసిన బొమ్మ ముడిచిన కనుబొమలు కాదు. లోతున్న నీరు. అది పైకి నిశ్చలంగా ఉంటుంది, అడుగున ఏముందో చెప్పదు.

ఈ బొమ్మ మనిషికి ఎలా అంటుకుందో చూడండి. వాల్మీకి రామాయణం మొదటి సర్గలోనే నారదుడు రాముడిని గాంభీర్యంలో సముద్రం వంటివాడంటాడు. ధైర్యానికి హిమవంతాన్ని, గాంభీర్యానికి సముద్రాన్ని ఎంచుకోవడం యాదృచ్ఛికం కాదు. పదో శతాబ్దంలో ధనంజయుడు నాటక లక్షణాలు చెప్పే దశరూపకంలో నాయకుడికి ఉండవలసిన ఎనిమిది గుణాలు చెబుతూ గాంభీర్యాన్ని అందులో చేర్చాడు. ఆయన ఇచ్చిన నిర్వచనం నాకు చాలా ఇష్టం: దేని ప్రభావం వల్ల వికారం, అంటే మనసులో కలిగే మార్పు, పైకి కనబడదో అది గాంభీర్యం. కోపం లేదని కాదు, సంతోషం లేదని కాదు, భయం లేదని కూడా కాదు. ఉన్నాయి, పైకి తేలలేదు. నిండు కుండ తొణకదు అని మనం అనేది ఇదే.

ఈ నిర్వచనం పట్టుకుంటే ‘మేకపోతు గాంభీర్యం’ అన్న మాట ఎంత చమత్కారమైనదో తెలుస్తుంది. గుండె దడదడలాడుతున్నా గడ్డం పైకెత్తి నిలబడే మేకపోతు కూడా వికారాన్ని పైకి కనబడనివ్వడం లేదు. ధనంజయుడి లెక్క ప్రకారం దానికీ మార్కులు వేయాలి! తేడా ఎక్కడంటే, ఒకచోట నీళ్లున్నాయి, మరోచోట మూత మాత్రమే ఉంది. ఇలాంటి కొలబద్దను ఎప్పుడో తయారు చేసి పెట్టుకున్న భాష మనది. గుంభనం అన్న మాట ఈ రెండింటికీ నడుమ ఉంటుంది. గుంభనంగా ఉన్నవాడి దగ్గర దాచిన విషయం ఏదో ఉందని మనకు అనుమానం. గంభీరంగా ఉన్నవాడి మీద ఆ అనుమానం రాదు. ముభావంగా ఉన్నవాడైతే అసలు మాట్లాడటమే ఇష్టం లేనివాడు. ఒక కథలో పాత్ర మౌనంగా కూర్చుంది అనుకోండి. ఈ మూడింటిలో మీరు ఏది వేస్తే కథ ఆ వైపు తిరుగుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. తెలుగులో గంభీరం మెచ్చుకోలు మాట. కంఠం గంభీరం, నడక గంభీరం, ఉపన్యాసం గంభీరం, గోపురం గంభీరం. మహా అయితే వాతావరణం గంభీరం, నిశ్శబ్దం గంభీరం. కర్ణాటక సంగీతంలో గంభీరనాట అనే రాగం ఉంది. ఆలయ ఊరేగింపులో నాదస్వరం మీద మల్లారి అనే రచనను సాధారణంగా వాయించేది ఆ రాగంలోనే. అది ఒకసారి విన్నవారికి ఈ మాట అర్థం నేను చెప్పనక్కర లేదు. అలాంటి మాటను తీసుకెళ్లి జబ్బుకు, గాయానికి, అవినీతికి తగిలిస్తే చెవి ఒప్పుకోదు. ‘ప్రమాదంలో ఇద్దరికి గంభీర గాయాలు’ అని ఒక కొత్త కుర్రవాడు రాసుకొచ్చినప్పుడు మా డెస్కులో ఒక పెద్దాయన, ‘గాయాలు ఉపన్యాసం కూడా ఇచ్చాయా నాయనా?’ అన్నారు. కుర్రవాడు నొచ్చుకున్నాడు కానీ ఆ తరువాత ఎప్పుడూ ఆ తప్పు చేయలేదు.

అయితే ఆ కుర్రవాడు ఆ మాటను గాలిలోంచి పట్టుకురాలేదు. హిందీలో గాయమూ గంభీరమే, జబ్బూ గంభీరమే, సమస్యా గంభీరమే. మరాఠీలోనూ అంతే, కన్నడంలోనూ గంభీర గాయాలు మామూలే. హిందీ నుంచి అనువాదమై వచ్చే వార్తలూ, యంత్రాలు చేసే అనువాదాలూ పెరిగాక ఆ వాడుక మనలోకి కారుతోంది. అదే మాట దక్షిణానికి వెళితే మరోలా మారింది. తమిళంలో అది ఠీవి, రాజసం. మలయాళంలో ఇంకా ముందుకు వెళ్లి ‘అద్భుతం’ అయిపోయింది. విందు భోజనం చేసి లేచినవారు కూడా గంభీరం అంటారు. ఒకే సంస్కృత పదం ఒకచోట ఆసుపత్రిలో, ఇంకొకచోట చప్పట్ల మధ్య ఉంది. తెలుగు ఈ రెంటికీ మధ్యన ఉన్నా, మొగ్గు దక్షిణం వైపే. అందుకే పొరుగు భాషలో ఉంది కదా అన్న వాదన ఇక్కడ పనికి రాదు. ఏ పొరుగు అని అడగాల్సి వస్తుంది.

బెంగాలీవారు ఇంకో దారి పట్టారు. వాళ్లకు తీవ్రంగా గాయపడినవాడు ‘గురుతర’ ఆహతుడు. గురు అంటే బరువైనది. మనకూ గురుతరం ఉంది కానీ ‘గురుతర బాధ్యత’ దగ్గరే ఆగిపోయింది. ఈ గురు అనే మాట తీగలాంటిది, లాగితే డొంకంతా కదులుతుంది. గురు నుంచే గౌరవం వచ్చింది, అంటే మనిషికి బరువు ఇవ్వడం. గురుత్వాకర్షణ కూడా అక్కడిదే. పద్యంలో రెండు మాత్రల అక్షరం గురువు, ఒక మాత్రది లఘువు. లాటిన్‌లో బరువుకు వాడే గ్రావిస్ అనే మాట కూడా ఈ గురుకు దూరపు చుట్టమే. ఆ గ్రావిస్ నుంచే ఇంగ్లీషులో భూమి ఆకర్షణకూ, విషయం తీవ్రతకూ ఒకే మాట ఏర్పడింది.

సంస్కృతం పక్కన పెట్టినా తెలుగు తూకం వేయడం మానలేదు. సీరియస్ విషయం మనకు బరువైన విషయం, కానిది తేలిక. విషయాన్ని ‘తేలిగ్గా తీసుకున్నాడు’ అంటాం. మనిషినే తేలిగ్గా తీసుకుంటే అది చులకన. చులకన అంటే మొదట అర్థం తేలికదనమే. అవమానం అన్న అర్థం ఆ తూకంలోంచే పుట్టింది. అయితే తేలికైనదల్లా చెడ్డది కాదు. లఘువు నుంచి వచ్చిన లాఘవం మెచ్చుకోలే కదా, హస్తలాఘవం అంటాం. బరువుగా మాట్లాడేవాడూ, లాఘవంగా మాట్లాడేవాడూ ఇద్దరూ సీరియస్‌గానే మాట్లాడుతూ ఉండవచ్చు. చాలామంది ఇక్కడే పొరబడతారు. నవ్వించేవాడికి చిత్తశుద్ధి లేదనుకుంటారు.

మీ మొదటి వాక్యానికి వస్తాను. రోగి పరిస్థితి గంభీరం కాదు, విషమం. ఈ మాటలో విషం ఉందని చాలామంది అనుకుంటారు; లేదు. వి, సమ కలిస్తే విషమ. సమం కానిది, ఎగుడుదిగుడుది. ఆరోగ్యం సమంగా, నిలకడగా లేదని దాని భావం. అందుకే వైద్యుల ప్రకటనల్లో దానికి ఎదురుమాట ‘నిలకడగా ఉంది’ అని వస్తుంది. ఆ జంట ఎంత చక్కగా కుదిరిందో గమనించండి. ‘విషమించింది’ అన్న క్రియ కూడా మనకు సిద్ధంగా ఉంది, గంభీరానికి అలాంటి క్రియ లేదు. జబ్బు గురించే అయితే ‘ముదిరింది’ అనవచ్చు. కాయ ముదిరినట్టు జబ్బూ ముదురుతుంది, తగాదా కూడా ముదురుతుంది. ఒక్క మాటలో కాలం కూడా ఇమిడి ఉంది: మొదట్లో లేతగా ఉండేది, పట్టించుకోనందువల్ల ఇలా అయింది. ఇంగ్లీషు మాటలో ఆ నింద లేదు.

గాయాలకు, నేరాలకు, ఆరోపణలకు, కొరతకు, నష్టానికి తీవ్రం. ఈ మాటకు పదును, వేగం రెండూ ఉన్నాయి. పాత తెలుగులో తీవ్రంగా అంటే వేగంగా అని కూడా. తీవ్రతకు గాంభీర్యానికి లేని సౌకర్యం ఒకటుంది. దాన్ని కొలవవచ్చు, మెట్లుగా చెప్పవచ్చు. వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుపాను, తీవ్ర తుపాను అని వాతావరణ శాఖ వరుస కడుతుంది. గాలి వేగం గంటకు 89 కిలోమీటర్లకు చేరితే తుపాను కాస్తా తీవ్ర తుపాను అవుతుంది. ఇందులో ఒక తమాషా ఉంది. తీవ్ర వాయుగుండానికి ఇంగ్లీషులో వాడే విశేషణం ‘లోతైన’ అనే. లోతు మాటను మన అనువాదకులు గంభీరం చేయకుండా తీవ్రం చేశారు. ఎవరు మొదలుపెట్టారో గానీ చెవి ఉన్న మనిషి. గంభీర వాయుగుండం అని ఉంటే జనం ఇళ్లు ఖాళీ చేసేవారు కాదు, చూడటానికి వచ్చేవారు.

తీవ్రత అన్న మాట మీద మాత్రం ఒక బరువు ఎక్కువే పడింది. భూకంపం వార్తలో ‘6.5 తీవ్రత’ అని రాస్తాం. చార్లెస్ రిక్టర్ 1935లో తెచ్చిన కొలత భూమి లోపల పుట్టిన ప్రకంపన పరిమాణానిది. ఒక భూకంపానికి అది ఒకటే సంఖ్య, ఒక అంకె పెరిగితే విడుదలైన శక్తి దాదాపు 32 రెట్లు. ఫలానా ఊళ్లో ఎంతగా ఊగింది, గోడలు పగిలాయా అనేది వేరే కొలత, అది ఊరూరికీ మారుతుంది. రెండింటికీ మనం తీవ్రతే వాడేస్తున్నాం. శాస్త్రం రాసేటప్పుడైనా మొదటిదాన్ని పరిమాణం అంటే పాఠకుడికి మేలు. వార్తల్లో ఇక మారుతుందన్న ఆశ నాకు లేదు.

రెండో వాక్యం: ‘ఆమె తన పనిని గంభీరంగా తీసుకుంటుంది’. ఇక్కడ తప్పు ఒక్క మాటది కాదు, వాక్యం కట్టుబడిదే. తెలుగులో పనిని ‘తీసుకోరు’; పని మీద మనసు పెడతారు, శ్రద్ధ పెడతారు. ‘ఆమె మనసు పెట్టి పని చేస్తుంది’ అనండి. కాస్త నియమం, కట్టుబాటు కూడా ధ్వనించాలంటే నిష్ఠ ఉంది. నిష్ఠలో ‘స్థా’ ధాతువు, నిలబడటం, ఉంది. పట్టిన చోటు వదలనివాడు నిష్ఠగలవాడు. శ్రద్ధ ఇంకా మెత్తనిది, పాతది. హృదయాన్ని ఒకదాని మీద ఉంచడం దాని మూలార్థం. తద్దినాన్ని శ్రాద్ధం అనడం ఆ శ్రద్ధ వల్లనే. మంత్రి ఒక సమస్యను సీరియస్‌గా పట్టించుకోవడం లేదని రాయాలంటే ‘చిత్తశుద్ధి లేదు’ అనేది సరైన మాట. చిత్తశుద్ధి లేని శివపూజలేలరా అని వేమన అడిగిన నాటి నుంచి ఆ మాటకు వాడి తగ్గలేదు. ప్రయత్నం, పోటీదారు, అభ్యంతరం అయితే అచ్చంగా ‘గట్టి’ చాలు: గట్టి ప్రయత్నం, గట్టి పోటీదారు. ఈ చిన్న మాటను అనువాదకులు ఎందుకో చిన్నచూపు చూస్తారు.

మనసు విషయంలో ఒక జాగ్రత్త. మనసు పెట్టడం వేరు, మనసులో పెట్టుకోవడం వేరు. మొదటిది శ్రద్ధ, రెండోది కక్ష కూడా కావచ్చు. ‘అంత సీరియస్‌గా తీసుకోకు’ అన్నదానికి ‘మనసులో పెట్టుకోకు’ సరిగ్గా సరిపోతుంది. ‘మనసు పెట్టకు’ అంటే పని మానేయమన్నట్టు అవుతుంది. ఒక్క ‘లో’ తేడా.

ఈ క్రియలు గమనిస్తుంటే నాకు ఒకటి తోస్తుంది. సీరియస్‌గా తీసుకోవడం గురించి తెలుగు ఎక్కువగా ‘లేదు’ రూపంలోనే మాట్లాడుతుంది. పట్టించుకోలేదు, లక్ష్యపెట్టలేదు, ఖాతరు చేయలేదు, చెవిన పెట్టలేదు. ‘ఖాతరు చేశాడు’ అని ఎవరైనా అనగా విన్నారా? అరుదు. పెడచెవిన పెట్టడం, కొట్టిపారేయడం, నవ్వులాటగా తీసుకోవడం ఎలాగూ ఉన్నాయి. అంటే పట్టించుకోవడం మామూలు సంగతి, పట్టించుకోకపోతేనే చెప్పుకోవాలన్నమాట. అనువాదంలో దీన్ని వాడుకోండి. ‘హెచ్చరికను సీరియస్‌గా తీసుకున్నారు’ అన్నది ఇబ్బంది పెడితే ‘హెచ్చరికను తేలిగ్గా తీసుకోలేదు’ అని తిప్పి రాయండి. వాక్యం తెలుగు నడకలోకి వచ్చేస్తుంది.

సీరియస్ అనే మాటనే ఉంచేస్తే? మాట్లాడేటప్పుడు నిక్షేపంగా ఉంచుకోండి. అది ఇంగ్లీషు మాట కావడం ఎప్పుడో మానేసింది. ‘తండ్రికి సీరియస్, వెంటనే బయలుదేరు’ అని వచ్చే తంతి చాలా ఇళ్లలో ఆ మాటకు మొదటి పరిచయం. తంతి సేవ 2013లో ఆగిపోయింది గానీ, ‘ఆయనకు సీరియస్‌గా ఉందట’ అంటే ఇప్పటికీ ఒకటే అర్థం. ఇంకో అర్థం మనం సొంతంగా తయారు చేసుకున్నాం: ‘అధికారులపై మంత్రి సీరియస్’. ఇక్కడ సీరియస్ అంటే కోపం. ఇంగ్లీషులో ఆ అర్థం లేదు. నా కలం కింద ఆ శీర్షిక పడితే ‘మండిపాటు’ అనో ‘ఆగ్రహం’ అనో మార్చేవాణ్ని, మరునాడు మళ్లీ వచ్చేది. రాతలో దానికి నా అభ్యంతరం ఇంగ్లీషు అని కాదు. జబ్బు, కోపం, శ్రద్ధ, ముఖం ముడుచుకోవడం అన్నీ ఒకే మాటలో పోసేస్తే, ఏది చెప్పదలచుకున్నారో రాసేవారికే తెలియకుండా పోతుంది.

గాంభీర్యత గురించి కూడా అడిగారు. గంభీరత సరే, గాంభీర్యం సరే. రెండు ప్రత్యయాలూ కలిపి గాంభీర్యత అనకూడదు, చొక్కా మీద చొక్కా తొడిగినట్టు. ప్రాధాన్యత కూడా అలాంటిదే గానీ దాన్ని ఇక ఎవరూ ఆపలేరు, నేనూ వదిలేశాను. గాంభీర్యతను ఇంకా ఆపవచ్చు. అలాగే గంభీరంలో భకు, శ్రద్ధలో ధకు, నిష్ఠలో ఠకు ఒత్తు మరవకండి.

ఇక మూడోది, ‘నేను గంభీరంగానే చెబుతున్నాను’. తన మాట గంభీరంగా ఉందని తానే చెప్పుకునేవాడు గంభీరుడు ఎలా అవుతాడు? తెలుగులో ఆ చోట ‘నిజంగా అంటున్నాను’, ‘వేళాకోళం కాదు’, ‘నవ్వులాటకు అనడం లేదు’ అంటాం. చిన్నపిల్లలైతే ‘ఒట్టు’. నేను ఒకప్పుడు ఒక కథ అనువదిస్తూ ఇదే వాక్యం దగ్గర ఒక సాయంత్రమంతా కూర్చున్నాను. భార్య ఇల్లు విడిచి వెళతానంటుంది, భర్త పేపరు మీంచి తల ఎత్తకుండా చిరునవ్వు నవ్వుతాడు, అప్పుడామె ఆ మాట అంటుంది. ‘నిజంగానే అంటున్నాను’ రాశాను, పలచబడింది. ‘నేను హాస్యమాడటం లేదు’ రాశాను, నాటకంలా ఉంది. ‘ఇది ఆట కాదు’ కూడా రాసి కొట్టేశాను. చివరికి అచ్చులోకి వెళ్లింది ఒక్క మాట: ‘‘నవ్వకండి.’’